చెరుకు సీమలో మామిడి మందు

ఏప్రిల్ నెలాఖరుకు బోధన్ పొలాల్లో నిలబడితే అరికాళ్లు మాడిపోతాయి. నిజామాబాద్‌లో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఆ చుట్టుపక్కల చెరుకు తోటలు తగ్గాయి. ఎండలు మాత్రం తగ్గలేదు. అందుకే పచ్చి మామిడితో చేసే పన్నాకు ఇప్పటికీ పని ఉంది.

చేయడం తేలికే. కాయను నిప్పుల మీద కాల్చాలి, లేదా ఉడికించాలి. గుజ్జు తీసి బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, చల్లటి నీళ్లు కలపాలి. చెమటతో నీరే కాదు, ఉప్పూ పోతుంది. ఉప్పు, చక్కెర కలిసి ఉంటే పేగులు నీటిని త్వరగా పీల్చుకుంటాయి. ఓఆర్‌ఎస్ వెనకున్న సూత్రమూ ఇదే. అలాగని పన్నా ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు గ్లాసు పట్టుకుని కూర్చోకూడదు. మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి.

టెంకనూ పారేయక్కర్లేదు. లోపలి జీడిని ఎండబెట్టి, పొడి చేసి, విరేచనాలకు మజ్జిగలో ఇవ్వడం పాత వైద్యం. జీడిలోని వగరే దాని గుణం. ఆయుర్వేదంలో అధిక రుతుస్రావానికి వాడే పుష్యానుగ చూర్ణంలోనూ మామిడి జీడి ఉంటుంది. ఆకుల్లో, బెరడులో మాంజిఫెరిన్ అనే పదార్థం ఉంది. క్యూబాలో బెరడు నుంచి ‘విమాంగ్’ తయారుచేశారు. అయితే లేత ఆకుల కషాయం తాగుతూ షుగరు మాత్రలు మానేయడం ప్రమాదం.

ఇక పండు. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 36 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు బీటా కెరోటిన్, పీచు ఉంటాయి. చక్కెరా సుమారు 14 గ్రాములు ఉంటుంది. అంటే దాదాపు మూడు చెంచాల పంచదార! మధుమేహులు భోజనం మీద పండు తినకుండా, ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టుకోవాలి. వాళ్లకు రసం కన్నా ముక్కే నయం. తొడిమ దగ్గర కారే సొన కొందరికి పెదాలపై పుండ్లు తెస్తుంది. తొడిమ తీసి కాసేపు నీళ్లలో వేసి, కడిగి తినాలి.

కాయల్ని కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. పైకి పసుపుగా మెరుస్తూ లోపల పుల్లగా ఉంటే అనుమానించాల్సిందే. పక్వానికొచ్చిన కాయలు కొని, ఇంట్లోనే వరిగడ్డిలో వేసుకుంటే నాలుగైదు రోజులు ఆగితే చాలు.