లాస్ వేగాస్: మీ గైడ్‌బుక్కు ఏ ఏడాదిది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను కాలిఫోర్నియా తిప్పి, అటునుంచి అటే లాస్ వేగాస్ తీసుకెళ్లడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. బయల్దేరే ముందు ఎవరో ఒకరు పాత గైడ్‌బుక్కు చేతిలో పెడతారు, లేదంటే అందులోని మాటలే నోటితో చెప్పి పంపుతారు. ఏ ఊరి పుస్తకమైనా పాతబడేదే కానీ, ఈ ఊరిది మరీ త్వరగా పాతబడుతుంది. ట్రాపికానా, మిరాజ్ లాంటి పేరున్న హోటళ్లే 2024లో మూతపడ్డాయి. అంతకన్నా పెద్ద కారణం, ఊరు డబ్బు సంపాదించే తీరు మారడం. ఒకప్పుడు జూదంలో వచ్చిన లాభం మిగతా ఖర్చులన్నిటినీ మోసేది. 1990ల చివరికల్లా స్ట్రిప్ అనే ప్రధాన వీధి మీది హోటళ్లకు గదులు, భోజనాలు, మద్యం, ప్రదర్శనల మీద వచ్చే సొమ్ము జూదం రాబడిని దాటేసింది. అందుకే కింద చెప్పే అపోహల్లో కొన్ని ఒకనాడు నిజాలే.

అపోహ: వేగాస్‌లో తిండి దాదాపు ఉచితం

1940ల్లో ఎల్ రాంచో వేగాస్ అనే హోటల్ ఒక్క డాలరుకు ఎంత తినగలిగితే అంత పెట్టింది. ఆడేవాళ్లు ఆకలేసి బయటికి పోకుండా ఆపే ఉపాయం అది. వంటింట్లో వచ్చిన నష్టం జూదం బల్లల దగ్గర పూడేది. మిగతా హోటళ్లూ అదే దారి పట్టాయి, గైడ్‌బుక్కులు దాన్నే పేజీలకు పేజీలు పొగిడాయి. ఇప్పుడు భోజనం కూడా లాభం తేవాల్సిందే. 2020లో కోవిడ్‌కు మూసిన బఫేల్లో చాలావాటిని మళ్లీ తెరవలేదు. ఉన్నవాటిలో సీజర్స్ ప్యాలెస్‌లోని బకనాల్ లాంటి చోట రాత్రి భోజనానికి మనిషికి 80 డాలర్ల పైనే అవుతుంది. ఆ ధర ఎక్కువగా పీతకాళ్లకూ మాంసానికీ. మాంసం ముట్టని పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లడం శుద్ధ దండగని నా అభిప్రాయం.

ఆడుతూ కూర్చున్నవాళ్లకు మద్యం ఇప్పటికీ ఉచితమే. తెచ్చిచ్చినవాళ్లకు డాలరో రెండో టిప్పు ఇవ్వడం ఆనవాయితీ.

అపోహ: గది చౌక, పార్కింగ్ ఊరికే

వారం మధ్యలో గది అద్దె నిజంగానే తక్కువ ఉంటుంది. దానిమీద రోజుకు 40, 50 డాలర్ల రిసార్ట్ ఫీజు పడుతుంది, పైన పన్ను. ఒక్కోసారి అద్దె కన్నా ఈ ఫీజే ఎక్కువ. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వల్ల 2025 మే 12 నుంచి దీన్ని కలిపిన ధరనే ముందుగా చూపించాలి. అంతమాత్రాన ఫీజు పోలేదు. పార్కింగ్‌కు ఎంజీఎం హోటళ్లు 2016లోనే వసూలు మొదలుపెట్టాయి.

అపోహ: మిషెలిన్ నక్షత్రం ఉందంటే ఇప్పటి ఘనతే

మిషెలిన్ సంస్థ వేగాస్‌కు 2008, 2009 ఎడిషన్లు వేసి, ఆ తర్వాత చాలా ఏళ్లు ఆపేసింది. అప్పట్లో మూడు నక్షత్రాలు ఎంజీఎం గ్రాండ్‌లోని జోయెల్ రోబుషోన్ రెస్టారెంటుకు దక్కాయి. ఆ పేరుగల వంటవాడు 2018లో కన్నుమూశాడు. అక్కడ వంట బాగుండదని కాదు గానీ, ఆ తీర్పు ఎప్పటిదో తెలుసుకుని బిల్లుకు సిద్ధపడాలి.

అపోహ: మంచి తిండంతా స్ట్రిప్ మీదే

స్థానికులను అడిగితే పడమటి వైపు స్ప్రింగ్ మౌంటెన్ రోడ్డు చూపిస్తారు. 1995లో చైనాటౌన్ ప్లాజా వచ్చాక ఆ దారి పొడవునా ఆసియా వంటిళ్లు వెలిశాయి. లోటస్ ఆఫ్ సియామ్ అనే థాయ్ హోటల్ తూర్పు సహారా అవెన్యూలోని ఓ పాత దుకాణాల సముదాయంలో పేరు తెచ్చుకుంది. దాని వంటమనిషి సాయ్‌పిన్ చుతిమాకు 2011లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. అక్కడి కారం మన నాలుకకు కొత్త కాదు. శాకాహారులు పస్తుండాలన్న భయమూ పాతదే: విన్, ఎన్‌కోర్ హోటళ్ల రెస్టారెంట్లన్నిటిలో వాటి అప్పటి అధిపతి స్టీవ్ విన్ 2010లోనే వీగన్ వంటకాలు పెట్టించాడు. అలాగని పులిహోర కట్టుకెళ్లడం మానమని నేననను. ఎడారి దారికి అంతకు మించిన తిండి లేదు.

అపోహ: పక్క హోటలేగా, నడిచిపోవచ్చు

భవనాలు మరీ పెద్దవి కావడంతో దూరం కళ్లకు తెలియదు. స్ట్రిప్ నాలుగు మైళ్ల పైచిలుకు. 2024 జూలై 7న అక్కడ 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లమని ధైర్యం చేయకండి. మోనోరైలు తూర్పు వైపు హోటళ్ల వెనగ్గా నడుస్తుంది, విమానాశ్రయానికి వెళ్లదు.

మరికొన్ని చిన్నవి

స్ట్రిప్‌లో చాలా భాగం లాస్ వేగాస్ నగరంలో లేదు, పారడైజ్ అనే కౌంటీ ప్రాంతంలో ఉంది. అందరూ ఫొటో దిగే 1959 నాటి స్వాగత బోర్డు కూడా నగరం హద్దుకు బయటే. స్ట్రిప్‌ను గ్యాంగ్‌స్టర్ బగ్సీ సీగల్ మొదలుపెట్టాడన్నదీ సినిమా కథే: అతని ఫ్లెమింగో తెరుచుకున్నది 1946 డిసెంబరులో, ఎల్ రాంచో 1941లోనే ఉంది. జనం అలసిపోకుండా కాసినోల్లోకి ఆక్సిజన్ వదులుతారన్నది కట్టుకథ. వ్యభిచారం ఇక్కడ చట్టబద్ధమన్నదీ తప్పు. నెవాడాలోని కొన్ని చిన్న కౌంటీల్లో అనుమతి ఉంది గానీ, లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో లేదు.

అపోహ: ఇక్కడ జరిగింది ఇక్కడే ఉండిపోతుంది

అది 2003లో పర్యాటక శాఖ వేయించిన ప్రకటన. పన్నుల శాఖకు వర్తించదు. అమెరికా నివాసి కాని అతిథికి స్లాట్ మెషీన్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే కాసినో పాస్‌పోర్టు అడిగి, 30 శాతం పన్ను పట్టుకుని మిగతాది ఇస్తుంది. కొన్ని దేశాలకు ఒప్పందాల వల్ల మినహాయింపు ఉంది, భారత్‌కు లేదు. బ్లాక్‌జాక్, రౌలెట్ గెలుపులకు ఈ కోత లేదు.

అపోహ: గ్రాండ్ కాన్యన్ పక్కనే

వేగాస్ నుంచి రెండున్నర గంటల్లో చేరేది ఆ లోయ పడమటి అంచు, వెస్ట్ రిమ్. అది హువాలపాయ్ తెగవారి భూమి. 2007లో తెరిచిన గాజు స్కైవాక్ అక్కడే ఉంది. నేషనల్ పార్క్ పాస్ అక్కడ చెల్లదు, టికెట్ వేరే కొనాలి. క్యాలెండర్ బొమ్మల్లో కనిపించే లోయ చాలావరకు సౌత్ రిమ్ నుంచి తీసినది. దానికి కారులో నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లతో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దామనుకుంటే తొమ్మిది గంటలు కారులోనే గడుస్తాయి. ఆ రాత్రికి వేగాస్ గది వదిలేసి సౌత్ రిమ్ దగ్గరే ఎక్కడో ఓ గది చూసుకోండి.