బళ్లారి తెలుగు నాటకములు: కరపత్రముల సేకరణము

నాటకగ్రంథము అచ్చుపడి గ్రంథాలయముల నిలుచును. ప్రదర్శనము తెర పడగనే ముగియును. ఏ దినమున, ఏ పందిటిలో, ఎవరు ఏ వేషమున వచ్చిరో తెలుపు సాక్ష్యము పెక్కుసారులు ఒక్క కరపత్రమే. ఐనను అది చదివి పారవేయు కాగితముగనే ఎంచబడినది.

బళ్లారి విషయమున ఈ సాక్ష్యమునకు విలువ అధికము. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) న్యాయవాదవృత్తియందుండియే ఇచ్చట సరసవినోదినీ సభను స్థాపించి, ‘చిత్రనళీయము’ మున్నగు నాటకములను రచించి ప్రదర్శించిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు (1854-1919) సుమనోరమ సభకు చారిత్రక నాటకములను సమకూర్చిరి. ఆచార్యులవారి మేనల్లుడే ప్రఖ్యాత నటుడు బళ్లారి రాఘవ (1880-1946). 1891లో ఆచార్యులవారి బృందము మదరాసున ఆడిన నాటకములను చూచి, పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ యేడే సుగుణవిలాస సభను నెలకొల్పిరి. తమిళ నాటకరంగమునకును బళ్లారికిని గల బంధ మిట్టిది.

1953 అక్టోబరు 1న బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరెను. ఒకే ప్రేక్షకలోకము రెండు రాష్ట్రముల పాలయ్యెను. కావున ఈ కాగితములను సరిహద్దునకు ఇరువైపుల గల గృహములలోను వెదుకవలసియున్నది.

దొరకిన పత్రమున వారము, తేదీ యుండి సంవత్సరము లేకపోవచ్చును. ఆ రెంటిని సరిపోల్చినచో కొన్ని సంవత్సరములే మిగులును. తిథి గూడ నున్నచో పంచాంగముతో సరిచూచి మరికొన్నిటిని తొలగింపవచ్చును. టిక్కెట్టు వెల అణాలలో నున్నచో అది సాధారణముగ 1957 ఏప్రిల్ 1కి ముందటిది; నయాపైసలలో నున్నచో 1957-1964 నడిమిది. అడుగున ముద్రణాలయము పేరు తప్పక చూడవలెను. 1867 నాటి చట్టము ముద్రాపకుని పేరును, ఊరిని అచ్చువేయవలెనని విధించెను.

ఒక్క హెచ్చరిక. కరపత్రము ప్రదర్శనమునకు ముందు పుట్టినది. ప్రకటించిన నటుడు రాకపోవచ్చును, వాన వలన ఆట నిలిచియుండవచ్చును. అది సంకల్పమునకు సాక్ష్యము. జరిగినదానికి దినచర్యలు, పత్రికావార్తలు తోడుకావలెను. ప్రేక్షకుడు పెన్సిలుతో అంచున వ్రాసిన రెండు మాటలు అచ్చుకంటె విలువైనవి కావచ్చును, వానిని చెరుపరాదు.

చౌక కాగితమునందలి ఆమ్లము దానిని పసుపువన్నెకు త్రిప్పి పెళుసుచేయును. అంటుపట్టీలు వేయుట, ప్లాస్టిక్కు పొరతో మూయుట, మడతపెట్టుట హానికరములు. ఆమ్లరహితమైన కాగితపు సంచిలో పరచి, వెలుతురు, తేమ సోకని చోట నుంచవలెను. ఇరువైపుల ఛాయాచిత్రములు తీసి, ఎవరియింట ఏ కాగితములతో కలిసి దొరకినదో వెంటనే వ్రాసికొనవలెను. అసలు పత్రము నిచ్చుటకు ఇష్టపడని కుటుంబమువారు ఛాయాచిత్రమునకు సమ్మతించినను ప్రయోజనము నెరవేరును.

ప్రధాననటుల పేర్లు చరిత్రగ్రంథముల కెక్కినవి. చెలికత్తె వేషము వేసిన యువకుడు, హార్మోనియము వాయించినవాడు, తెరలు వ్రాసిన చిత్రకారుడు, వీరి పేర్లు పత్రపు అడుగున చిన్నయక్షరములలో నుండును. ఆ పత్రము నశించినచో వారి పేరు మరెచ్చటను దొరకకపోవచ్చును.