రూటర్ ఎవరి పేరున ఉంది?

కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన రాజోలు మహిళ ఎవరైనా యజమాని పెట్టే హింసను బయటపెట్టాలంటే, ఆ కబురు తన దగ్గర్నుంచి వెళ్ళిందని తెలియకూడదు. టోర్ నెట్‌వర్క్ అక్కడే అక్కరకొస్తుంది. కబురు మామూలుగా మూడు రిలేల మీదుగా, అంటే ఎక్కడెక్కడో స్వచ్ఛందంగా నడిపే మూడు కంప్యూటర్ల మీదుగా పోతుంది. మొదటిదానికి పంపిందెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. చిక్కంతా ఆ చివరిదానితోనే. వెబ్‌సైట్‌కు కనిపించేది దాని ఐపీ అడ్రసే కాబట్టి, ముక్కూమొహం తెలియనివాడు దాని మీదుగా బెదిరింపు పంపినా పోలీసులు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరునుందో వాళ్ళింటికే. మాస్కోలో లెక్కల టీచరు ద్మిత్రీ బొగతోవ్ ఇలాంటి రిలే ఇంట్లో నడిపి 2017 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. కేసు ఎత్తేసేసరికి 2018 మే అయింది.

బొగతోవ్ రిలే పెట్టింది తనంతట తానే. మన కోనసీమ కొత్తపేటలో సంగతి వేరు: కొడుకు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. టీవీ పక్కన మిణుకుమనే రూటర్ కోసం ఆధార్ జిరాక్సు ఇచ్చింది తల్లి. సెలవులకొచ్చిన కొడుకు దానికి చిన్న కంప్యూటర్ తగిలించి చివరి రిలే నడిపితే, ఏ కాగితమో చెప్పకుండా ఆమె చేత హామీ సంతకం పెట్టించినట్టే. ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది కదా అంటే, షరతులతో ఇస్తుంది, కానీ ఆ వాదన వినేది కోర్టు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 94వ సెక్షన్ కింద ఫోను, కంప్యూటరు తెచ్చివ్వమనే నోటీసు అంతకు ఎంతో ముందే రావచ్చు. స్టేషన్ మెట్లెక్కాల్సింది ఆమె. చేసిందొకరు, అనుభవించేదొకరు అన్నది కోనసీమకు తెలియని సంగతి కాదు: 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక, వాటితో సంబంధం లేని ఇళ్ళలోనూ రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ లేదు.

చెప్పి అడిగితే ఎవరూ ఒప్పుకోరు, నెట్‌వర్క్ చిక్కిపోతుంది, అప్పుడు కువైట్‌లోని ఆ మహిళకే నష్టం అంటారు కొందరు. బలమైన వాదనే. కానీ తన సంగతి ఎవరికి తెలియాలో తేల్చుకునే హక్కు ఆమెకుందని నమ్మేవాళ్ళు, తన పేరున ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు ఆ తల్లికి లేదని ఎలా అంటారు? పైగా వేరే దారి లేకపోలేదు. ఇంట్లో నడపాలనుంటే మధ్య రిలే నడపొచ్చు. పంపినవారి అడ్రసుగా వెబ్‌సైట్లకు కనిపించేది అది కాదు. చివరి రిలేను సర్వర్ కంపెనీకి ముందే చెప్పి, ఒక సంఘం పేరున పెట్టాలి. అప్పుడూ ప్రమాదం ఆవిరైపోదు, పదవుల్లో ఉన్నవాళ్ళ మీదికి మళ్ళుతుంది. జర్మనీలో టోర్‌కు అండగా ఉన్న త్స్వీబెల్‌ఫ్రాయిండే సంఘం బోర్డు సభ్యుల ఇళ్ళను 2018 జూన్‌లో పోలీసులు సోదా చేశారు, అదీ వాళ్ళు నిందితులు కాని కేసులో. అందుకే ఇక్కడ పెట్టే సంఘం కోశాధికారి సంతకం చేసేముందే ఈ మాట ఆయన చెవిన పడాలి. చెప్పి అడిగితే ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లోని కిల్టన్ లైబ్రరీ పోలీసులు ఆందోళన తెలపడంతో తన రిలేను ఆపింది. 2015 సెప్టెంబరులో ఊళ్ళోవాళ్ళ ముందే ట్రస్టీల బోర్డు మంచీచెడూ చర్చించి, మళ్ళీ ఆన్ చేయించింది.