వీసా ఫారంలో మనమిచ్చే గవాహీ

అమెరికాలో ఉన్న కూతురినో కొడుకునో ఒక్కసారి చూసి రావాలన్న కోరిక ఈ రోజుల్లో మన బస్తీల్లో చాలామంది తల్లిదండ్రులకు ఉంది. మనవడు పుట్టాడంటే ఫోనులో ముఖం చూసి మురిసిపోవడమే తప్ప ఒడిలో కూర్చోబెట్టుకున్నది లేదు. అటువంటి వారికి వీసా అన్న మాట వినగానే ఆశ, భయం రెండూ కలుగుతాయి. ఆ భయంలో చేసే ఒక పొరపాటు గురించి ఈ వారం పాఠకులతో మాట్లాడదలిచాం.

మా పొరుగున ఉండే చాచా తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కూతురు, అల్లుడు చికాగోలో ఉంటారు. మనవడికి మూడేళ్లు నిండాయి. 2024 మొదట్లో ఒకనాడు అసర్ నమాజు తర్వాత చాచా కాగితాల కట్ట చేతబట్టుకుని మా ఇంటికి వచ్చారు. వెనకాలే చాచీ కూడా వచ్చారు.

"బేటా, వీసా ఫారాలు దుకాణంలో నింపించాం. అంతా ఇంగ్లీషులో ఉంది. సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసిపెట్టు" అన్నారు చాచా.

మేము చదివాం. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అన్నీ సరిపోయాయి. ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాం. 'మీకు ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా?' అన్నదానికి 'లేదు' అని ఉంది. అమెరికాలో ఉన్న బావమరిదిని చూసి రావాలని 2005లో చాచా వీసా కోసం చెన్నై వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చిన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

"అది ఫారం నింపిన కుర్రాడు పెట్టాడు. అంత పాత మాట ఎవరికి గుర్తుంటుంది చాచా, 'అవును' అంటే ఈసారీ ఇవ్వరు అన్నాడు" అని చాచా తల దించుకున్నారు.

చాచీ ఫారం చూశాం. 'మీ తరఫున ఎవరైనా వలస దరఖాస్తు పెట్టారా?' అన్న చోట అక్కడా 'లేదు' అనే ఉంది. ఆమె తమ్ముడు అమెరికా పౌరుడు. అక్క కోసం చాలా ఏళ్ల కిందటే దరఖాస్తు పెట్టాడు. అది ఇంకా వరుసలోనే ఉంది.

రెండు ఫారాలు, రెండు అబద్ధాలు. చెప్పినవాడు దుకాణం కుర్రాడు. కింద సంతకం మాత్రం చాచాది, చాచీది.

*ఈ ఫారం కథ*

చాచా 2005లో చెన్నై వెళ్లవలసి వచ్చింది. ఇప్పుడా అవసరం లేదు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో ఏర్పడి, 2009 నుంచి వీసా పని మొదలుపెట్టింది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో నడిచిన ఆ కార్యాలయం 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని సొంత భవనానికి మారింది. అక్కడికి చేరేలోపే ఇంట్లో కూర్చుని పూర్తి చేయవలసిన పని ఒకటి ఉంది. అదే డీఎస్-160 అనే ఫారం. చుట్టపుచూపుగా గానీ, విహారానికి గానీ, వ్యాపార పని మీద గానీ కొద్దికాలం వెళ్లి వచ్చే వారంతా దీన్ని కంప్యూటరులోనే నింపాలి. భార్యాభర్తలైనా సరే ఎవరి ఫారం వారిదే.

ఈ ఫారం ఉండేది అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైటులో. నింపడానికి రుసుము లేదు. వీసా రుసుము వేరుగా కట్టాలి. సందర్శకుల వీసాకు దాన్ని 2023 జూన్‌లో 185 డాలర్లు చేశారు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

జవాబులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. సుమారు ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా ఊరుకుంటే తెర మూసుకుపోతుంది. కనుక ఒక్కో పేజీ పూర్తి కాగానే భద్రపరచుకోవాలి. మొదట్లోనే ఒక దరఖాస్తు నంబరు ఇస్తారు. దాన్ని, దాంతోపాటు అడిగే రహస్య ప్రశ్న జవాబును కాగితం మీద రాసి ఉంచుకోవాలి. మధ్యలో కరెంటు పోయినా, ఆజాను వినిపించి లేచి వెళ్లినా, ఆ నంబరుతో మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఒకసారి పంపించిన ఫారాన్ని దిద్దడానికి వీలు లేదు. చాచా ఫారాలు అప్పటికే పంపించేశారు. అందువల్ల కొత్తగా రెండు ఫారాలు నింపి, ఇంటర్వ్యూ తేదీ తీసుకున్న చోట పాత నంబర్లకు బదులు కొత్త నంబర్లు వేయాలి. "మళ్లీ మొదటి నుంచా?" అని చాచీ నిట్టూర్చారు. టీ పెట్టించి, కంప్యూటరు ముందు కూర్చున్నాం.

*నిరాకరణ వేరు, నిషేధం వేరు*

ముందుగా చాచా భయం తీర్చవలసి వచ్చింది. 2005లో ఆయన చేతికి వచ్చిన కాగితం మీద 214 (బీ) అని ఉంది. అమెరికా వలస చట్టం 1952 నాటిది. అందులోని ఈ సెక్షను ప్రకారం సందర్శకుడిగా వచ్చే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడతాడని అధికారి ముందుగా అనుకోవాలి. అలా కాదు, తిరిగి వెళతాను అని నమ్మించే బాధ్యత దరఖాస్తుదారుడిది. ఆ రోజు చాచా నమ్మించలేకపోయారు, అంతే. అది నేరం కాదు. పరిస్థితులు మారాక మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

అబద్ధం సంగతి అలా కాదు. వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని తెలిసి దాచినట్టు, తప్పుగా చెప్పినట్టు తేలితే అదే చట్టంలోని 212వ సెక్షను కింద ఆ మనిషి అమెరికాలో అడుగుపెట్టడానికి జీవితాంతం అనర్హుడవుతాడు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. పాత నిరాకరణ వారి దస్త్రాల్లో ఉంటుంది. చాచీ తమ్ముడు పెట్టిన దరఖాస్తు కూడా ఆ ప్రభుత్వం దగ్గరే ఉంది. వారి దగ్గరున్న కాగితాన్నే వారి ముందు లేదనడం ఎంత అమాయకత్వం!

వలస దరఖాస్తు ఉన్నంత మాత్రాన సందర్శక వీసా ఇవ్వకూడదని లేదు. అధికారి దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు, తిరిగి వస్తారా అని గట్టిగా అడుగుతారు. అడిగితే చెప్పడానికి చాచీ దగ్గర నిజం ఉంది. ఇల్లు ఇక్కడ, పెద్ద కొడుకు కుటుంబం ఇక్కడ, చాచా పెన్షను ఇక్కడ.

రెండు చోట్లా 'అవును' అని పెట్టాం. వివరం అడిగిన చోట సంవత్సరం, ఊరు, కారణం క్లుప్తంగా రాశాం.

*పేరు దగ్గర చిక్కు*

మన ఇళ్లలో ఒకే మనిషి పేరు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉండటం మామూలే. మొహమ్మద్ అన్న పేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొట్టిగా, ఇంకోచోట వేరే అక్షరాలతో ఉంటుంది. షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి కొందరికి ఇంటిపేరు గడిలో ఉంటే కొందరికి అసలు పేరులోనే కలిసిపోతాయి. చాచీకి రేషన్ కార్డులో పేరు చివర బీ, పాస్‌పోర్టులో బేగం. ఇక్కడ సూత్రం ఒక్కటే. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి.

చాచా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పేరంతా రెండో గడిలోనే ఉంది. అటువంటప్పుడు ఆ మొత్తం పేరును ఫారంలో ఇంటిపేరు చోట రాసి, పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అనే మూడు అక్షరాలు వేయాలి. ఇది తెలియక చాలామంది పేరును తమకు తోచినట్టు ముక్కలు చేస్తారు. వేరే పేర్లు ఏవైనా వాడారా అని ప్రత్యేకంగా అడుగుతారు. చాచీ రెండో పేరు అక్కడ రాశాం.

తల్లిదండ్రుల పుట్టిన తేదీలు అడిగినప్పుడు చాచా నవ్వారు. "మా అబ్బాజాన్ ఏ సంవత్సరం పుట్టారో ఆయనకే తెలియదు బేటా!" ఆ గడి పక్కన 'తెలియదు' అని గుర్తు పెట్టే వీలుంది. ఊహించి తేదీ వేయవలసిన పని లేదు.

*ఉమ్రా విదేశీ ప్రయాణం కాదా?*

గత అయిదేళ్లలో ఏయే దేశాలకు వెళ్లారన్నది మరో ప్రశ్న. చాచా ఠక్కున "ఎక్కడికీ వెళ్లలేదు" అన్నారు. 2022లో ఇద్దరూ ఉమ్రాకు వెళ్లి వచ్చారు కదా అని గుర్తుచేశాం.

"అది అల్లాహ్ ఇంటికి వెళ్లడం. విదేశీ ప్రయాణం ఎలా అవుతుంది?" అన్నారు చాచీ.

ఆమె మనసులో అది నిజమే. కానీ పాస్‌పోర్టు, వీసా పట్టుకుని చేసిన ప్రయాణం ఫారం లెక్కలో సౌదీ అరేబియాకు వెళ్లడమే. రాశాం. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు కూడా ఈ ప్రశ్న దగ్గర పాస్‌పోర్టు తెరిచి, ముద్రలు చూసి మరీ రాయాలి.

ఖర్చు ఎవరు భరిస్తారన్న చోట చాచా తడబడ్డారు. కూతురు డబ్బుతో వెళుతున్నామని రాయడం ఆయనకు నామోషీగా తోచింది. టిక్కెట్లు కొంటున్నది కూతురే కనుక కూతురి పేరే రాశాం. సొంత ఖర్చు అని రాసి, రేపు అధికారి బ్యాంకు పుస్తకం అడిగితే చూపించేది ఏముంది?

*మసీదు కమిటీ సంగతి*

సామాజిక, ధార్మిక సంస్థల్లో సభ్యులుగా ఉన్నారా, చందాలు ఇచ్చారా, పనిచేశారా అని ఫారం అడుగుతుంది. మన వారిని అన్నిటికన్నా భయపెట్టేది ఈ ప్రశ్నే. చాచా మహల్లా మసీదు కమిటీకి కొన్నేళ్లు ఖజాంచీగా ఉన్నారు. "మసీదు పేరు చూస్తే అనుమానపడతారేమో" అన్నారు మెల్లగా.

ఆ భయం ఊరికే పుట్టిందని మేము అనము. అయినా పైసా పైసాకు లెక్క చెప్పి, ఎవరి చేతా మాట పడకుండా చేసిన సేవ అది. దాచవలసిన అవసరం ఏమిటి? కమిటీ పేరు రాశాం.

తర్వాతి పేజీల్లో అంటువ్యాధులు, నేరాలు, ఉగ్రవాదం గురించి వరుసగా ప్రశ్నలు ఉంటాయి. చదివి వినిపిస్తుంటే చాచీ ముఖం చిన్నబోయింది. "మమ్మల్నేనా ఇలా అడిగేది?" అన్నారు. ఏ మతం వారైనా, ఏ దేశం వారైనా ఆ ఫారం నింపే వారందరికీ అవే ప్రశ్నలని చెప్పాక ఊరటపడ్డారు. చదవకుండా వరుసగా 'లేదు' కొట్టుకుంటూ పోవడం మాత్రం మంచిది కాదు. ప్రతి ప్రశ్నా వినాలి, జవాబు మన నోట రావాలి.

గత అయిదేళ్లలో వాడిన ఫోన్ నంబర్లు, ఈ-మెయిళ్లు కూడా అడుగుతారు. ఫేస్‌బుక్ వంటి వాటిలో మన ఖాతాల పేర్లు అడగడం 2019లో మొదలైంది. చాచా ఫేస్‌బుక్ ఖాతాను మనవళ్లే నడుపుతున్నారు. ఆ పేరు కనుక్కోవడానికి పెద్ద కొడుక్కి ఫోన్ చేయవలసి వచ్చింది.

*హిజాబ్‌తో ఫొటో*

ఫొటో ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. వెనుక గోడ తెల్లగా ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలతో ఫొటో ఒప్పుకోవడం లేదు. హిజాబ్ తీయాలేమోనని చాచీ కంగారుపడ్డారు. అక్కరలేదు. ధర్మం కోసం ధరించే తలముసుగు ఉండవచ్చు. గడ్డం నుంచి నుదుటి పైభాగం దాకా ముఖం పూర్తిగా కనిపించాలి, ముసుగు నీడ ముఖం మీద పడకూడదు.

*ఆఖరి మీట*

ఫారం నింపడంలో ఎవరైనా సాయపడ్డారా అని చివర్లో అడుగుతారు. దుకాణం కుర్రాడు అక్కడ కూడా 'లేదు' అనే పెట్టాడు. మేము 'అవును' అని పెట్టి మా పేరు, చిరునామా రాసుకున్నాం. సాయం ఎవరైనా చేయవచ్చు. సంతకంగా లెక్కకు వచ్చే ఆఖరి మీట మాత్రం దరఖాస్తుదారుడే నొక్కాలి. చాచా వేలు కొంచెం వణికింది. 'బిస్మిల్లాహ్' అని నొక్కారు. గీతల ముద్రతో వచ్చిన రసీదు పేజీని అచ్చు తీసి, ఇద్దరి పాస్‌పోర్టుల్లో పెట్టి ఇచ్చాం. ఇంటర్వ్యూకు అది తప్పకుండా తీసుకెళ్లాలి.

నెలల తరబడి ఎదురుచూశాక ఇంటర్వ్యూ రోజు వచ్చింది. కిటికీ దగ్గర అధికారి అడిగిన మొదటి ప్రశ్న 2005 గురించే! చాచా దాచలేదు. అప్పుడు ఎందుకు వెళ్లాలనుకున్నారో, ఇప్పుడు ఎందుకు వెళుతున్నారో చెప్పారు. చాచీని తమ్ముడి దరఖాస్తు గురించి అడిగారు. "ఉంది, కానీ ఇప్పుడు మనవడిని చూసి వచ్చేస్తాం" అన్నారామె. ఇద్దరికీ వీసాలు వచ్చాయి. పదేళ్ల వీసా అని బంధువులు సంబరపడితే, పదేళ్లు ఉండిపోవచ్చని దాని అర్థం కాదని మేము చెప్పవలసి వచ్చింది. ఒక్కో రాకలో ఎన్నాళ్లు ఉండవచ్చో విమానాశ్రయంలో దిగాక అక్కడి అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ దాటకుండా తిరిగి రావాలి.

నిజం రాసిన వారందరికీ వీసా వస్తుందని మేము చెప్పడం లేదు. రాకపోవచ్చు కూడా. అప్పుడు పోయేది రుసుము, కొంత కాలం. మళ్లీ ప్రయత్నించే దారి ఉంటుంది. అబద్ధం రాసి వీసా తెచ్చుకున్నవారికి ఆ నిశ్చింత ఉండదు. విమానం దిగిన ప్రతిసారీ ఏ ప్రశ్న ఎదురవుతుందోనన్న బెదురు వెంటే ఉంటుంది.

కనుక సోదర సోదరీమణులారా, ఇంగ్లీషు రాదని సిగ్గుపడకండి. చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రతి ప్రశ్నా మీ భాషలో చెప్పించుకోండి. పంపించే ముందు మొత్తం ఫారం ఒకసారి చదివించుకుని వినండి. దుకాణంలో ఎవరు నింపినా, రేపు కిటికీ ముందు నిలబడి జవాబు చెప్పవలసింది మీరే.