నాలీవుడ్‌లో గురువుల వేట

రోజుకు రెండు సినిమాలకు పైగా తీసిన దేశమది. 2006లో నైజీరియా వీడియో చిత్రాలు 872. అదే ఏడాది భారత్ 1,091, అమెరికా 485 సినిమాలు తీశాయని యునెస్కో గణాంకాల సంస్థ 2009లో లెక్క తేల్చింది. వాసిలో రాశికి తగ్గ పేరు మాత్రం రాలేదు. కారణం ఊహించదగిందే. 1992లో 'లివింగ్ ఇన్ బాండేజ్' హిట్టయ్యాక క్యాసెట్ల బజారే బడి అయింది. జోస్‌లో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నా, మన కృష్ణానగర్ అసిస్టెంట్ డైరెక్టర్లలాగే లాగోస్ కుర్రాళ్లలో చాలామంది సెట్‌లోనే పని నేర్చుకున్నారు.

ఆ లోటు పూడ్చేందుకు నడుం కట్టిన వారిలో దర్శక నిర్మాత ఫెమీ ఒడుగ్బెమీ ఒకరు. లాగోస్‌లో ఐరెప్ డాక్యుమెంటరీ ఉత్సవ వ్యవస్థాపకుల్లో ఆయనా ఉన్నారు. 2013లో మొదలైన ఆఫ్రికా మ్యాజిక్ వ్యూయర్స్ చాయిస్ అవార్డులకు ఏళ్ల తరబడి ప్రధాన న్యాయనిర్ణేతగా వ్యవహరించింది ఆయనే. ఆ అవార్డుల్లో కొన్ని ప్రేక్షకుల ఓటుతో, మిగతావి జ్యూరీ నిర్ణయంతో తేలతాయి. 2018లో మల్టీచాయిస్ సంస్థ లాగోస్, నైరోబీ, లుసాకాల్లో అకాడమీలు తెరిచి, 60 మందికి ఏడాది శిక్షణ మొదలుపెట్టినప్పుడు పశ్చిమాఫ్రికా అకాడమీ బాధ్యత కూడా ఆయనకే దక్కింది.

చిక్కల్లా ఒక్కటే. బడీ, బహుమతీ ఒకే టీవీ కంపెనీవి. అక్కడ తయారయ్యేది ఛానెల్‌కు పనికొచ్చే నిపుణులా, సొంత గొంతున్న దర్శకులా?

2025లో బ్రిటిష్-నైజీరియన్ దర్శకుడు అకినోలా డేవిస్ జూనియర్ 'మై ఫాదర్స్ షాడో' కాన్ ఉత్సవ అధికారిక ఎంపికలో చోటు పొందిన తొలి నైజీరియా చిత్రమైంది. 'బాండేజ్' వచ్చిన 33 ఏళ్లకు! సినిమా తీయడం త్వరగానే వస్తుంది. నేర్పడానికే తరం పడుతుంది.