తక్కువ సొమ్ముతో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొనడమెలా?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో వినిపించే మొదటి మాట "డ్రమ్స్ ఎక్కడ దొరుకుతాయి?" అనే. ఏటా ఒక్క రాత్రికి అద్దె కట్టే బదులు పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని ఒక సెట్ కొనిస్తే బాగుంటుందని మేము అనుకుంటున్నాము. ఆ సొమ్ము మామిడి కోతల్లో, కూలిపనుల్లో, చిన్న ఉద్యోగాల్లో సంపాదించినది. కనుక ప్రతి రూపాయీ చూసి ఖర్చు పెట్టాలి.

ముందుగా రకాలు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో మనం చూసేది ప్యాడ్. 1985లో రోలాండ్ కంపెనీ తెచ్చిన ఆక్టాప్యాడ్ దీనికి మూలం. ఎనిమిది రబ్బరు పలకలు. తబలా, ఢోలక్ వంటి శబ్దాలను వాటికి అమర్చుకోవచ్చు. సంచిలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. పాటకు తోడు వాయించడానికి ఇది చాలు. రెండవది పూర్తి సెట్. ఇందులో స్నేర్, టామ్‌లు, సింబల్స్ విడివిడిగా ఉంటాయి, కాళ్లకు పెడళ్లుంటాయి. చేతులూ కాళ్లూ కలిపి నేర్చుకోవాలనే తమ్ముళ్లకు ఇదే కావాలి. హాస్టల్‌కు మా ఓటు దీనికే.

ఎలక్ట్రానిక్ సెట్టే ఎందుకంటే, పక్కనే పదో తరగతివాళ్లు చదువుకుంటూ ఉంటారు. మామూలు డ్రమ్స్ వాయిస్తే వాళ్ల చదువు సాగదు. దీనికి హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. అయినా పుల్లల చప్పుడు, కిక్ అదురు కొంత ఉంటాయి. రబ్బరు కంటే వల అల్లిక ఉన్న మెష్ ప్యాడ్‌కు చప్పుడు తక్కువ. సెట్టును కింది అంతస్తులో, మందపాటి పట్టా మీద పెట్టాలి.

పెట్టె మీది ధర ఒక్కటే చూస్తే పూత చూసి తోట బేరమాడినట్లే. స్పీకరు, స్టూలు, హెడ్‌ఫోన్, ఒక్కోసారి కిక్ పెడల్ కూడా విడిగా కొనాలి. స్పీకరును మొదట వాయిదా వేయవచ్చు. వార్షికోత్సవం నాడు మైకుసెట్ మిక్సర్‌కు కలిపితే సరిపోతుంది. వందల శబ్దాలున్నాయని అంగడివాడు చెబితే మురిసిపోవద్దు. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలుకుతోందా అన్నదే ముఖ్యం.

పాతది కొంటే వాయించడం వచ్చినవారిని వెంట తీసుకెళ్లండి. ప్రతి ప్యాడ్‌నూ నడుమా అంచునా కొట్టి చూడండి. ఒక దెబ్బకు రెండుసార్లు పలికినా, ఒకటి కొడితే పక్కది పలికినా అనుమానించండి. వైర్లు కదిపి గరగర వస్తుందేమో వినండి. అడాప్టర్ ఆ సెట్టుదేనా అని తప్పక చూడండి.

ఇది వచ్చిందని డప్పును మూల పడేయవద్దు. కరెంటు పోతే ఎలక్ట్రానిక్ సెట్టు మూగబోతుంది. డప్పుకు కాస్త సెగ చూపిస్తే చాలు. సొమ్ము పోగయ్యేదాకా చెక్క మీద రబ్బరు ముక్క అంటించి చేయి సాధన చేయండి.

చివరిగా ఒక మనవి. ఏడాదికొకసారి బయటికి తీసే వస్తువైతే కొనడం దండగ. వంతుల పట్టిక గోడకు అంటించి, వాయించాలనే ప్రతి తమ్ముడికీ పుల్లలు అందేలా చూడండి.