కాల్పులు టీవీలో చూశామనే వాళ్ల గురించి

1984 అక్టోబర్ 31న ఎక్కడున్నారని యాభై అయిదు దాటిన వాళ్లను అడిగి చూడండి. ఇందిరా గాంధీ చనిపోయారన్న వార్త తెలిసినప్పుడు ఏం చేస్తున్నారో, పక్కన ఎవరున్నారో తడుముకోకుండా చెబుతారు. కొందరైతే కాల్పులే టీవీలో చూశామంటారు. అది కుదిరే పని కాదు. సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంట్లోంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు కార్యాలయానికి ఆమె నడిచి వెళ్తుండగా కాల్చారు. ఇంటర్వ్యూ కోసం నటుడు పీటర్ ఉస్తినోవ్ కెమెరాలతో అక్కడ ఎదురుచూస్తూనే ఉన్నాడు గానీ, ఆ దృశ్యం ఏ కెమెరాకూ చిక్కలేదు.

అలాగని వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. తీన్‌మూర్తి భవన్‌లో ఉంచిన పార్థివదేహాన్ని, నవంబర్ 3న అంత్యక్రియలను దూరదర్శన్ చూపించింది. టీవీ ఉన్న ఇంటి వరండాలో జనం కిక్కిరిసి చూసిన ఆ దృశ్యాలన్నీ కాలక్రమంలో మొదటి రోజులోకే వచ్చి చేరతాయి. సమయమూ అంతే. కాల్పులు జరిగింది ఉదయం 9 దాటాక. ఆకాశవాణి మరణవార్త చెప్పింది సాయంత్రం. బీబీసీ అంతకుముందే చెప్పేసింది. కాబట్టి ‘మధ్యాహ్నం అన్నం తింటూ ఆకాశవాణిలో విన్నా’ అంటే పొసగదు. ‘బీబీసీ విన్న పక్కింటాయన సాయంత్రానికి ముందే వచ్చి చెప్పాడు’ అంటే పొసగుతుంది.

ఇలాంటి వాటికి ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు’ అని 1977లో బ్రౌన్, కూలిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. ఫొటో తీసినట్టు ఆ క్షణం మెదడులో ముద్రపడుతుందని అప్పటి ఊహ. ఆ ఊహకు గండి కొట్టినవాడు మరో మనస్తత్వ శాస్త్రవేత్త అల్రిక్ నైసర్. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే నైసర్, నికోల్ హార్ష్ కలిసి విద్యార్థుల చేత ‘వార్త ఎలా తెలిసింది’ అని రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది జవాబులు మారిపోయాయి. తరగతిలో ఎవరో చెప్పగా విన్నవాళ్లు కూడా టీవీలో చూశామన్నారు. వాళ్ల చేతిరాతే ముందు పెట్టినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు.

2001 సెప్టెంబర్ 11 దాడుల మర్నాడు డ్యూక్ విశ్వవిద్యాలయంలో టాలరికో, రూబిన్ అనే పరిశోధకులు ఇంకో మెలిక పెట్టారు. దాడి గురించీ, ఆ రోజుల్లోనే జరిగిన ఒక మామూలు సంఘటన గురించీ రెండూ రాయించుకున్నారు. నెలలు గడిచేకొద్దీ రెండు జ్ఞాపకాలూ ఒకే తీరుగా చెదిరాయి. తేడా అల్లా నమ్మకంలోనే. దాడి జ్ఞాపకం మీద మాత్రం నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు.

నాకు అసలు కీలకం అనిపించేది వేరే ఉంది. హత్య ఏ రోడ్డులో జరిగిందో మనం తప్పుగా గుర్తుంచుకుంటే ప్రతి వర్ధంతికీ పత్రికలు దిద్దుతాయి. మనం ఆ రోజు ఎక్కడున్నామో దిద్దేవాళ్లెవరూ ఉండరు. పైగా ప్రతిసారీ చెప్పేటప్పుడు మొదటి రోజు చూసినదాని కంటే పోయినసారి చెప్పినదే ఎక్కువ గుర్తొస్తుంది. అలా పొరపాటు కూడా నోటికి పాఠమైపోతుంది.

రాజీవ్ గాంధీ విషయంలో ఇంకో రకం జ్ఞాపకం ఉంది. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూర్‌లో ఆయన చనిపోయారు. అదే సాయంత్రం ఆయన ఎన్నికల ప్రచారంలో విశాఖపట్నంలో ఉన్నారు, అక్కణ్ణుంచే మద్రాసు విమానం ఎక్కారు. ఆయన్ను ఆ రోజు విశాఖలో చూసినవాళ్లకు చూస్తున్నప్పుడు అది మామూలు సభే. మర్నాటికి గానీ ఆ చూపుకు విలువ రాలేదు. ఆయన ముఖంలో ఏదో దిగులు కనిపించిందని ఇప్పుడు ఎవరైనా అంటే, ఆ దిగులు మర్నాడు వచ్చి చేరిందేమోనని నాకు అనుమానం.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం సంగతి మరీ చిక్కు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఆచూకీ పోయింది. పావురాల గుట్ట దగ్గర దొరికింది 3వ తేదీ ఉదయం. మధ్యలో ఒక రాత్రంతా టీవీల ముందే గడిచింది. ‘అప్పుడు ఎక్కడున్నారు’ అంటే కొందరు మొదటి రోజు సంగతి చెబుతారు, కొందరు రెండో రోజుది. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఇలాంటివి రాసుకునేటప్పుడు ఎప్పుడు విన్నారన్నది ఆఖర్న అడగండి. ఎవరు చెప్పారు, విన్నాక ఎక్కడికి వెళ్లారు, బస్సులు తిరిగాయా, బడి వదిలేశారా అన్నవి ముందు అడగండి. ఆనాటి పత్రికలతో సరిచూసుకోవడానికి అవే పనికొస్తాయి.